చెంబెడు నీళ్లు

మొన్న మడమ నొప్పి చూపించుకుందామని మార్కాపురం ఆసుపత్రికి పోతే, మనవరాలి వయసున్న డాక్టరమ్మ నా చీలమండ పక్కనున్న మచ్చను తడిమి, "ఇదేం దెబ్బ మామ్మా?" అని అడిగింది. నారికురుపు అన్నాను. ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదట. దారంలాంటి పురుగమ్మా, మూరెడు పైనే ఉంటుంది, కాల్లోంచి బయటికొస్తుంది అని చెబితే, ముసలావిడకు మతి తప్పిందేమోనని నా వెంట వచ్చిన కోడలి వైపు చూసింది. నాకు కోపం రాలేదు. ఒక రోగం పేరు కూడా తెలియని డాక్టర్లు వచ్చారంటే దేశానికి అంతకన్నా మంచి రోజులేముంటాయి! కానీ ఆటో ఎక్కినప్పటినుంచి ఇల్లు చేరేదాకా నాకు గుంటూరు హాస్టలే కళ్ల ముందు మెదిలింది.

తెల్లదొరల పాలన చివరి రోజులవి. మా పాలెంలో మిషను బడి పంతులైన మా నాయన, చుట్టాలంతా వద్దంటున్నా వినకుండా నన్ను ఇంటర్మీడియెట్ చదవడానికి గుంటూరు పంపించాడు. కాలేజీలో ఆడపిల్లలం కొద్దిమందిమే. హాస్టలంటే ఒక పాత మేడ, అందులో ఒక పొడుగాటి గది, వరసగా మంచాలు. నేను నోరు తెరిస్తే చాలు, గదంతా నవ్వు. వచ్చినాడు, పోయినాడు, అట్ల, ఇట్ల అని మేం సహజంగా మాట్లాడుకునే మాటలు వాళ్లకు వినోదం. అందరికన్నా పెద్దగా నవ్వేది తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక ఆసామి కూతురు. ఆమె గొంతుకు మేడ కిటికీలు అదిరేవి. పొద్దున లేస్తూనే నా మంచం దగ్గరికొచ్చి, "ఏమే, పాలవాడు వచ్చినాడా, వచ్చి పోయినాడా?" అని రాగం తీసేది. నేను మాట్లాడటమే మానేశాను. అన్నం ముందు కూర్చుంటే మా అమ్మ చేసే జొన్న సంగటి గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

వానలు మొదలైనాక చీలమండ దగ్గర బొబ్బ లేచి చితికింది. అందులోంచి తెల్లటి కొస ఒకటి బయటికొచ్చింది. మా వైపు ఇది ఇంటింటా ఉండేదే కనుక నేను దాచాలనుకున్నానే గాని భయపడలేదు. చూసిన పిల్లలు కెవ్వుమన్నారు. సాయంత్రానికి మంచాలన్నీ అవతలి గోడకు చేరాయి. వార్డెనమ్మ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, "రేపు మీ ఊరి రైలెక్కు. ఈ పిల్లలకు అంటుకుంటే నేనేం జవాబు చెప్పను?" అంది. ఒకసారి వెనక్కి పోతే మళ్లీ పంపించే ధైర్యం మా నాయనకు కూడా ఉండదని నాకు తెలుసు. ఏడ్చి బతిమాలితే లేడీ డాక్టరును పిలిపించారు. ఆవిడ చూసి, "ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. బావిలో దిగి ముంచుకున్న నీళ్లు వడకట్టకుండా తాగితే, లోపలికి పోయిన పురుగు ఏడాదికి ఇలా బయటపడుతుంది. లాగితే తెగుతుంది, పుల్లకు రోజూ కొంచెం చుట్టండి" అని చెప్పి వెళ్లింది. రైలెక్కడం తప్పింది గాని మంచాలు మాత్రం వెనక్కి రాలేదు.

ఒక్కటి వచ్చింది. తెనాలి పిల్ల తన మంచాన్ని బరబరా ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన వేసింది. "అక్కడ గాలాడటం లేదు" అంది. కిటికీలన్నీ అటువైపే ఉన్నాయి. మర్నాటినుంచి పుల్ల చుట్టే పని తనే తీసుకుంది. మొదట్లో కళ్లు మూసుకుని చుట్టేది. "ఇయ్యాల మీ చుట్టం ఎంత వచ్చినాడే?" అని అడిగేది. గుంటూరు వచ్చాక నేను నవ్వింది అప్పుడే.

ఆమె మేనమామ మార్కాపురంలో పలకల వ్యాపారం చేసేవాడు. దసరా సెలవులకు అక్కడికి వచ్చి, ఒకరోజు చెప్పాపెట్టకుండా బండి కట్టించుకుని మా పాలెం వచ్చేసింది. మేము క్రైస్తవులం, ఊరి బావి మాకు లేదు. మెట్లు దిగి ముంచుకునే దిగుడుబావే దిక్కు. నీళ్లు వడకట్టమని నేను సెలవులకు వచ్చింది మొదలు పోరుతున్నా, "తాతల నాటినుంచి తాగుతుండామే, నీళ్లల్ల పురుగేంది?" అని మా అమ్మ కొట్టిపారేసేది. ఎండన పడి వచ్చిన పిల్లను చూడగానే కుండలోంచి చెంబు ముంచి చేతికిచ్చింది.

ఆమె చెంబులోకి చూసింది. ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. మా అమ్మకు తెలియదు. ఆవిడ మొహం వాడిపోయింది. "మా ఇంట్ల తాగరులే అమ్మా మీరు. నాకు బుద్ధి లేక ఇచ్చినా" అంటూ చెంబు కోసం చెయ్యి చాచింది. నేను "వడకట్టి ఇస్తా, ఆగు" అంటూ లేచేలోపే ఆ పిల్ల చెంబెత్తి గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని, "ఇంకాసిని పొయ్యి పిన్నీ" అంది. మా అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బండి దాకా సాగనంపుతూ, "తెలిసి తెలిసీ ఎందుకు తాగినావే?" అని నేను గొడవ పెట్టుకున్నాను. "పురుగని చెబితే మీ అమ్మ నమ్మేదా? పోనీలే, అందరికీ వస్తుందా ఏంటి!" అంది.

మరుసటి ఏడు దసరాకు ముందు ఆమె మోకాలు వాచింది. చిన్న బొబ్బ లేచింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బయటపడ్డ పురుగును నేను పుల్లకు చుట్టడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే వాళ్ల నాన్నగారు వచ్చారు. "ఎవరింట్లో తాగావు?" అని గద్దించారు. "దారిలో ఎక్కడో తాగాను, గుర్తులేదు" అంది నా వైపు చూడకుండా. ఆయన ఆ పూటే తీసుకుపోయారు. ఇంటి దగ్గర ఎవరో తొందరపడి లాగితే పురుగు లోపలే తెగిందట. మోకాలు బిగిసిపోయింది. చదువు అక్కడితో ఆగింది. పరీక్షలయ్యాక చూడబోతే, చేతికర్రతో అరుగు మీదికి వచ్చి, "మీ అమ్మతో చెప్పకు. చెప్పావంటే నీతో మాట్లాడను" అంది. గొంతు మాత్రం అదే గొంతు.

చెప్పలేదు. మా అమ్మ బతికినన్నాళ్లూ ఎవరొచ్చినా, "పెద్దింటి పిల్ల, మా ఇంట్ల చెంబెడు నీళ్లు తాగింది" అని మురిసిపోతూ చెప్పుకునేది. "ఆ పిల్ల మళ్లా రాలేదేమే?" అని నన్నడిగితే, పెళ్లయి దూరం పోయిందమ్మా అనేదాన్ని. అమ్మ పోయింది. నా స్నేహితురాలూ పోయి చాలా ఏళ్లయింది. ఆ రోగం కూడా పోయిందంటున్నారు. దాచమన్న మనిషీ, దాచవలసిన మనిషీ లేకపోయాక, ఇన్నేళ్లు మోసిన మాటను దించుకోమని కాలం ఇప్పుడు చెబుతోంది. ఎవరి ముందు దించాలో మాత్రం చెప్పడం లేదు.