ఇసుక కొండల అవతలి సముద్రం

ఖతార్‌లో చమురు పనులు జోరుగా సాగుతున్న రోజులవి. సెలవు దొరికితే నేనూ, మా క్యాంప్‌లోని జగిత్యాల లింగన్నా సంచులు భుజాన వేసుకుని కాలినడకన తిరిగేవాళ్ళం. ఒక శుక్రవారం, దక్షిణాన ఇసుక కొండల మధ్యకు చొచ్చుకొచ్చే సముద్రాన్ని చూద్దామని బయల్దేరాం. దారి తప్పాం. నీళ్ళు అయిపోయాయి. లింగన్న కూలబడ్డాడు.

"నాతోని కాదు తమ్మీ. నువ్వు వొయ్యి ఎవలనన్న తోల్కరా," అన్నాడు.

రోడ్డు దొరికేదాకా పరిగెత్తి ఒక పికప్ బండిని ఆపి తీసుకొచ్చేసరికి గాలికి నా అడుగుల జాడ చెరిగిపోయింది. చీకటి పడేదాకా నేనూ, ఆ బండి డ్రైవరూ లింగన్నను పేరు పెట్టి పిలిచాం. మర్నాడు అతని శవం దొరికింది.

గల్ఫ్ అంతా దుబాయే అనుకునే లింగన్న భార్య ఫోన్‌లో అడిగింది: "దుబాయ్‌ల ఏం సూడవోయిండు తమ్మీ?"

"సముద్రం, వదినా."

"సూసిండా మరి?"

"సూసిండు," అన్నాను.

ఆ అబద్ధానికి నేనెప్పుడూ బాధపడలేదు. జవాబు రాని ఆ పిలుపులనే ఈనాటికీ మరిచిపోలేకపోతున్నాను.