మావయ్య కంటికి కరెంటు పరీక్ష

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కంటే మిషన్ల మీద గౌరవం ఎక్కువ. డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలు కాకుండానే బిలాస్‌పూర్‌లో ఒక కంటి క్లినిక్‌లో టెక్నీషియన్‌గా కుదిరాను. కంటి లోపలి రెటీనా (ఇక్కడందరూ పర్దా అంటారు) ఎలా పనిచేస్తోందో చెప్పే మిషన్ నా గదిలో ఉండేది. మనిషిని కాసేపు చీకట్లో కూర్చోబెట్టి, కంటి కింద సన్నని తీగలు అంటించి, తెల్లటి గిన్నెలాంటి దానికి గడ్డం ఆనించమని చెప్పి, వెలుగు మెరిపిస్తాం. మెరిసినప్పుడల్లా రెటీనా పుట్టించే పిసరంత కరెంటు తెర మీద గీతగా లేస్తుంది. గీత లేస్తే పర్దా బాగున్నట్టు, లేవకపోతే లేనట్టు. ఇందులో అనుమానానికి చోటెక్కడుందని నా ధీమా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వడానికి కూడా కాస్త ఓపిక తెచ్చుకోవాలి.

మా మావయ్య (అమ్మకు తమ్ముడు, నేను వాళ్ళ రైల్వే క్వార్టర్లోనే ఉండేవాణ్ణి) లోకో పైలట్, రైలింజన్ నడుపుతాడు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. మరో నెలలో రైల్వేవాళ్ళ మెడికల్ ఉంది. అందులో కళ్ళ పరీక్ష తప్పితే ఇంజన్ మీంచి దింపేసి ఏదో బల్ల ముందు కూర్చోబెడతారు. వయసంతా ఇంజన్ మీదే గడిపిన మనిషికి అదొక్కటే భయం. ఒక ఉదయం డ్యూటీ దిగి, యూనిఫాం అయినా మార్చుకోకుండా క్లినిక్కి వచ్చి, ఊరికే ఒకసారి చూసెయ్యమన్నాడు. ఊరికే ఎందుకు చూడాలో నేను అడగలేదు. మిషనుండగా మనిషినేం అడుగుతాం?

మొదటి మెరుపు మెరిసింది. మావయ్య చెయ్యెత్తి, "డిస్టెంట్, గ్రీన్" అన్నాడు (డిస్టెంటంటే స్టేషనుకి ముందొచ్చే సిగ్నల్). ఇంజన్లో కనబడిన ప్రతి సిగ్నలూ ముందు అసిస్టెంటు చెయ్యెత్తి పైకి పలకాలి, పైలట్ దాన్ని తిరిగి పలకాలి. అది వాళ్ళకి ఊపిరి తీసుకోవడం లాంటి అలవాటు. తెల్లటి వెలుగుకి గ్రీన్ ఏమిటని అడిగితే, తెల్ల సిగ్నలనేది ఉండదు కదా అని నాకే పాఠం చెప్పాడు. నోరు కదిపితే దవడ కండరాల కరెంటు కూడా గీతలో కలిసిపోతుందని మాకు చదువులో చెప్పారు (దానికి నేను మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను). అయినా ఆ పూట నాకది గుర్తే రాలేదు. చిన్నపిల్లలు గోడ మీద గీసినట్టు తెరంతా పిచ్చిగీతలు. చివర్లో ఎర్రక్షరాలతో, ఫలితం బాగాలేదని కంప్యూటర్ తేల్చేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పు వడ్డించుకుంటూ, మావయ్య పర్దా దెబ్బతిందని ప్రకటించాను. అత్తయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మిషన్ తప్పు సెప్పదేటి?" అని అడిగింది.

చెప్పదన్నాను. మావయ్య కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం, సిగ్గులేకుండా చెబుతున్నాను, కాస్త గర్వంగానే అనిపించింది.

మర్నాడు డాక్టర్ మేడమ్ ఆ కాగితాలు చూసి, ఇందులో రెటీనా ఏదో దవడ ఏదో వేలు పెట్టి చూపించమని హిందీలో అడిగింది. చూపించలేకపోయాను. పేషెంటుని బాగా నిద్రపోయి రమ్మనండి, ఈసారి నోరు మెదపనివ్వకండి, నేనూ ఉంటాను అంది. రెండు రోజుల తరవాత మావయ్య పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. మసక మెరుపుల వంతు (చీకట్లో చూపుకి అదే పరీక్ష) ముందు వస్తుంది, నేను వాటిని పెద్దగా పట్టించుకోలేదు. తరవాత పెద్ద వెలుగుకి గీత చక్కగా లేచింది. ఇంకేం, బయటికి పరుగెత్తి, అంతా బాగుందని అత్తయ్యకి ఫోన్ చేసేశాను. తిరిగొచ్చేసరికి మేడమ్ మసక మెరుపుల గీతనే చూస్తోంది. అది దాదాపు నేలకి ఆనుకుని పడుకునే ఉంది. కన్ను మూసుకున్నాడో, తీగ సరిగా అంటలేదో, నిజంగానే చీకట్లో చూపు తగ్గిందో, మిషన్ ఒక్కదాని వల్ల తేలదంది. తీగ మార్చాం, మళ్ళీ చీకట్లో కూర్చోబెట్టాం. గీత లేవలేదు.

అప్పుడు మేడమ్ మావయ్యతో, ఈసారి మీ పద్ధతిలోనే పలకండి, కానీ కనిపిస్తేనే పలకండి అంది. మసక మెరుపులు మొదలయ్యాయి. మావయ్య చెయ్యెత్తి వరసగా పలుకుతున్నాడు. కాసేపటికి మేడమ్ నిశ్శబ్దంగా మెరుపులు ఆపేసింది. మావయ్య ఆపలేదు. ఏమీ లేని చీకట్లోకి చూస్తూ, అదే తీరున, "గ్రీన్... గ్రీన్..." అని ఇంకో నాలుగుసార్లు పలికాడు. లైటు వేశాక మా ఇద్దరి మొహాలూ చూసి ఆయనకి అర్థమైపోయింది.

"ఇక్కడ అసిస్టెంటు లేడు కదరా" అన్నాడు నెమ్మదిగా. "ఆడు ముందు పలుకుతాడు, ఎనకాల నేను పలుకుతాను. నాలుగు నెల్ల నుంచి, చీకటి పడితే అంతే."

ముందే నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెబుదామనే వచ్చానురా ఆ రోజు. ఏటైంది మావయ్యా అని అడుగుతావనుకున్నాను."

మెడికల్ కోసం నెలంతా ఆగలేదు మావయ్య. మర్నాడే రైల్వే ఆసుపత్రికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి, తనంతట తానే ఇంజన్ దిగిపోయాడు. మిగిలిన రెండేళ్ళూ ఆఫీసులో కూర్చుని వేరేవాళ్ళకి డ్యూటీలు వేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ కుర్చీలో ఎంతమందిని కూర్చోబెట్టానో లెక్క లేదు. ఈ టెస్ట్ పక్కానా భయ్యా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నేను ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఈ మధ్య మీకు ఏం కనబడటం లేదో చెప్పండి అంటాను. అలా వినేసరికి సగం పూట గడిచిపోతుంది, బయట క్యూ పెరుగుతుంది, నడుం నొప్పెడుతుంది. అప్పుడే డిప్లొమా చేతికొచ్చిన ఆ కుర్రాడైతే 'పక్కా' అని ఒక్క మాటతో తేల్చేసి, మధ్యాహ్నానికి హాయిగా ఇంటికెళ్ళి పప్పన్నం తినేవాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కోసారి, బాగా అలిసిపోయిన రోజున, కొంచెం అసూయగా కూడా ఉంటుంది.