కదలని బస్సులో ఒక టికెట్

బస్సులు కట్టే షెడ్డులో ఆయన్ను అందరూ మెట్ల మావయ్య అంటారు. అక్కడ ఒకరు పైకప్పు రేకులు బిగిస్తారు, ఒకరు సీట్లు కుడతారు. ఈయన పని తలుపు దగ్గర మెట్లు కట్టడం. వయసంతా అందులోనే గడిచింది. "నా మెట్టు ఏ గోతిలోనూ నేలకి గీసుకోదు" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. గీసుకోకూడదంటే ఎత్తుగా కట్టాలి. ఆ ఎత్తు గురించి ఆయన ఎన్నడూ వేరేగా ఆలోచించలేదు, ఆయన భార్య అత్తయ్యకు కాలు తీసేసేదాకా.

చక్కెర జబ్బుతో మానని పుండు మోకాలిదాకా పాకింది. ఆమె ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికొచ్చింది. మావయ్య గుమ్మానికి ఏటవాలుగా చెక్క వేశాడు, స్నానాల గదిలో కమ్మీ బిగించాడు. ఆమె పనులు ఆమే చేసుకునేది. నోటి దురుసు కూడా ఎక్కడికీ పోలేదు. "ఇన్నాళ్ళూ మీ వెనకాల నేను నడిచాను. ఇక నా వెనకాల మీరు నడవండి" అనేది, కుర్చీ తోస్తున్న మొగుడితో.

ఆమెకున్న కోరిక ఒక్కటే. అక్కను చూడాలి. అక్క ఉండేది పక్క ఊళ్ళోనే. చూపు ఆనదు, ఒంటరిగా బయల్దేరలేదు. ఫోనులో "నువ్వు రా" అంటే "నువ్వే రా" అని అక్కాచెల్లెళ్ళు రోజూ వాదులాడుకునేవాళ్ళు. ఒకసారి కారు మాట్లాడారు. ఇద్దరు మగవాళ్ళు చంకల కింద చేతులేసి ఎత్తి ఆమెను సీట్లోకి తోశారు. చీర చెదిరింది. ఇంటిముందు నిలబడి అందరూ చూస్తున్నారు.

"దించండి" అంది అత్తయ్య.

"అదేంటే, ఎక్కేశావుగా?"

"ఎక్కలేదు, ఎక్కించారు. నేనేమన్నా బస్తానా? నాకై నేను ఎక్కగలిగినప్పుడే వెళ్తాను."

ఆ బస్తా మాట మావయ్యకు గుచ్చుకుంది. వీధి చివర ఆగి అక్క ఊరికి వెళ్ళే బస్సుకు మెట్లు కట్టింది ఆయనే. అది మరమ్మతుకు షెడ్డుకొచ్చినప్పుడు, తలుపు దగ్గర దించడానికి వీలుగా ఒక మడత పలక చేశాడు. షెడ్డులో తనే కుర్చీలో కూర్చుని తోయించుకున్నాడు. నున్నగా పైకి వెళ్ళింది. "పెళ్ళికొడుకు ఊరేగుతున్నాడు!" అని తోటి పనివాళ్ళు ఈలలు వేశారు.

షెడ్డు నేల చదునుగా ఉంటుంది. వీధి అలా ఉండదు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. మర్నాడు బస్సు కాలువవైపు ఒరిగి ఆగింది. దించిన పలక కొస రోడ్డు పక్క పల్లంలోకి దిగి, పలక నిట్టనిలువుగా నిలబడింది. అత్తయ్య దాన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఇది పలకా, జారుడుబల్లా?"

అయినా ప్రయత్నించింది. కుర్చీ సగం ఎక్కి వెనక్కి జారింది. "మేం ఎత్తేస్తాం లేమ్మా" అంటూ నాలుగు చేతులు ముందుకొచ్చాయి. ఆమె చక్రాలు రెండూ గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. బస్సు వెళ్ళిపోయింది. ఎవరినో సాగనంపుతున్నట్టు ఆమె దానికి చెయ్యి ఊపింది. దారిలో ఆమే మొగుణ్ణి ఓదార్చింది.

"మీ పలక బాగానే ఉంది. బస్సే పొడుగు."

ఆ రాత్రి మావయ్య ఆ పలక కొలతలన్నీ మళ్ళీ లెక్క చూశాడు. పలకలో లోపం లేదు. తను గొప్పగా చెప్పుకున్న ఎత్తే లోపం.

తలుపు దగ్గర నేలనే కిందికి దించి కట్టాలని యజమానిని అడిగాడు. "నీ పెళ్ళాం కోసం బస్సు నడుం విరగ్గొట్టమంటావా?" అని ఆయన నవ్వేశాడు. మావయ్య నేలమీద సుద్దతో బొమ్మ గీసి, చెరిపి, మళ్ళీ గీస్తూ ఉండేవాడు. బస్సు చేయించుకోవడానికి వచ్చిన ఒకాయన ఆ గీతల దగ్గర ఆగాడు. "మా నాన్న బస్సెక్కలేక ఇంట్లోనే ఉండిపోయాడయ్యా. నాకు ఇలాంటిదే కట్టు" అన్నాడు.

పని మొదలయ్యేసరికి అత్తయ్య రెండో పాదానికీ పుండు లేచింది. మావయ్య ఆగలేకపోయాడు. బస్సు ఇంకా ఇనప ఎముకల గూడుగా ఉండగానే ఆమెను షెడ్డుకు తీసుకొచ్చి పలక దించాడు. ఎవరూ చెయ్యి వేయలేదు. ఆమె రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ, ఆయాసపడుతూ, లోపలికి వెళ్ళింది. సీట్లు లేవు. అద్దం లేని కిటికీ పక్కన కుర్చీ ఆపి కమ్మీ పట్టుకుంది.

"టికెట్, టికెట్" అన్నాడు మావయ్య.

"అక్క ఊరికి ఒకటివ్వండి. చిల్లర లేదనకండి."

బయట ఎవరో రేకుమీద రెండుసార్లు చరిచి "రైట్ రైట్!" అని అరిచారు. షెడ్డంతా నవ్వింది. కిటికీ అవతల కనిపించేది తుప్పు రేకుల గుట్టే. "వంతెన దాటామా?" అని అడిగింది. "ఇంకా లేదు" అన్నాడు. చాలాసేపు అలాగే కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, "అక్క ఇంట్లో లేదు, తిరిగొచ్చేశా" అంది.

బస్సుకు రంగు పడకముందే ఆమె పోయింది. చూపు ఆనని అక్కను ఎవరో కారులో తీసుకొచ్చారు. "నువ్వే రా" అన్న పంతం చివరికి చెల్లెలే నెగ్గించుకున్నట్టయింది. ఆ ఏడుపుల్లో మాటలేవీ సాగలేదు.

బస్సు నడవడం మొదలయ్యాక మావయ్య అందులోనే వదినగారిని చూడటానికి వెళ్ళాడు. దారిలో ఒక ముసలాయన చక్రాల కుర్చీలో ఎక్కడం చూశాడు. ఆయన తనంతట తనే ఎక్కాడు. సంతోషించాలో ఏడవాలో మావయ్యకు తెలియలేదట.

వదిన అరుగుమీద కూర్చుని ఉంది. ఆయన షెడ్డులో జరిగిందంతా చెప్పాడు. టికెట్ అడగడం, వంతెన గురించి అడగడం, అన్నీ. ఆమె గోడవైపు తిరిగి విన్నది.

"అయితే ఎక్కిందన్నమాట, మరిదీ."

"ఎక్కింది వదినా. ఎవరూ పట్టుకోలేదు."

"మరి దిగిందెక్కడ?"

"ఎక్కిన చోటే" అన్నాడు మావయ్య.