ఉప్పు లేని ఖాగీనా

తాజ్ బీ చేతి ఖాగీనా తిన్న దొరలు మెదక్ డాక్ బంగళాలో మకాం ఇంకో రోజు పొడిగించేవారట. ఇందులో కొంత గొప్పలు కలిసే ఉంటాయి, చెప్పింది ఆమె మొగుడు ఉస్మాన్ కాబట్టి. అతను జట్కా తోలేవాడు, ఆమె బంగళాలో వంట చేసేది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేగాక గుడ్లు కొట్టి కలిపే ఆ వంటలో ఉప్పు ఎంత పడాలో ఆమె వేళ్లకు తెలుసు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా రుచి చూసి ఎరగదు. అదే ఆమె గర్వం.

అలాంటి మనిషికి ఉప్పే పగయింది. నలభై ఎనిమిది వానాకాలంలో ఉస్మాన్ కాళ్లు ఉబ్బాయి. వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. దవాఖానాలో డాక్టరు ప్రభుదాసు ఖరాఖండిగా చెప్పాడు.

"ఉప్పు ముట్టనియ్యకమ్మా. ముట్టిండంటే నీళ్లు గుండెల దాంక ఎక్కుతయి. పొద్దుగాల ఒక గుడ్డు, కూరగాయలు పెట్టు, చాలు."

ఆమె బీరకాయ సన్నగా తరిగి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో మగ్గించి, గుడ్డు కొట్టి కలిపి, దించాక నిమ్మకాయ పిండేది. పులుపూ కారం తగిలితే నాలుక కాస్త మోసపోతుందని ఆశ. ఉస్మాన్ నాలుక మాత్రం మోసపోలేదు. "గడ్డి పెట్టినా గింతకన్న మంచిగుంటది" అని సణుగుతూనే మింగేవాడు. నెల తిరిగేసరికి వాపు సగం తీసింది.

అంతలో సెప్టెంబరు వచ్చింది. యూనియన్ సైన్యం దిగింది, నిజాం లొంగిపోయాడు. రజాకార్లు చేసిన పాపాలకు, వాళ్లతో ఏ సంబంధమూ లేని బీద ముస్లింలు బదులు చెప్పాల్సిన రోజులొచ్చాయి. గుంపులు తిరుగుతున్నాయని విని గల్లీ గల్లీయే ఖాళీ అయింది. నడవలేని మొగుణ్ని వదిలి తాజ్ బీ ఎక్కడికి పోతుంది? వెనక ఇంటి యాదవ్వ కూరగాయలమ్ముకునే మనిషి. ఇద్దరినీ లోపల ఉంచి వీధి తలుపుకు బయటి నుంచి తాళం వేసింది. అడిగినవాళ్లకు "పోయిండ్రు" అని చెప్పింది. తన ప్రాణం మీదికి వస్తుందని తెలిసే చెప్పింది.

మనుషుల్లేని గల్లీలో పొగ లేస్తే కొంప మునిగినట్టే. అందుకే తాజ్ బీ అన్నీ ముందే తరిగి పెట్టుకుని, ఎండిన కందికట్టె నాలుగు పుల్లలు అంటించి, పొగ చూరు దాటకముందే గుడ్డు దించేసి పొయ్యి మీద బూడిద కప్పేసేది. తనకు యాదవ్వ ఇచ్చిన జొన్న గటకే తిండి.

నాలుగో రోజు యాదవ్వ వెనక గోడ మీద నుంచి తొంగి చూసింది. "చెల్లె, పొగ కనవడుతున్నది. గల్లీ మొగల ఎవరో అడుగుతుండ్రు. రేపటి సంది పొయ్యి ముట్టియ్యకు. నేనే వండి తెస్త."

"అక్కా, ఉప్పు ఎయ్యకు. జర యాదుంచుకో."

"ఎయ్యను తీ."

తీరా వండేటప్పుడు యాదవ్వకు చేతులాడలేదు. ఉప్పులేని కూడు చచ్చినోళ్లకే పెడతారని వాళ్లింట్లో పట్టింపు. బతకాల్సిన మనిషికి అది ఎట్లా పెడుతుంది? ఒక్క చిటికెడే కదా అని వేసింది. మంచి మనసుతోనే వేసింది. కూలీల గుంపులకు వండిన చెయ్యి అది, దాని చిటికెడు ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు.

ఉస్మాన్ ఆ పొద్దున గిన్నె ఊడ్చి తిన్నాడు. మర్నాడూ అంతే. మొగుడికి తిండి సయించిందని తాజ్ బీ మురిసిపోయింది. ఉన్న ఒక్క గుడ్డులో తనెందుకు వేలు పెడుతుంది? రుచి చూసే అలవాటూ లేదాయె.

అలా నాలుగు రోజులు గడిచేసరికి వాపు తొడలదాకా ఎక్కింది. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చుని నోటితో గాలి పీలుస్తున్నాడు. తాజ్ బీకి పిచ్చెక్కినట్టయింది. నీళ్లు తగ్గించింది. అల్లాకు మొక్కింది, ఏడుపాయల దుర్గమ్మకూ మొక్కింది. అయిదో పొద్దున అతను సగం తిని వదిలేశాడు. పారేయ మనసు రాక ఆ ముద్ద ఆమె నోట్లో పెట్టుకుంది.

ఉప్పు తగిలింది.

"నీకు ఎరుకేనా?" అంది.

ఉస్మాన్ కళ్లు దించుకున్నాడు. "ఎరుకే. చెప్తే ఆపుతవని చెప్పలె. ఎట్లయినా సచ్చేటోణ్ణే గద తాజ్, నోటికి జర రుచన్న తగిలింది."

అతన్ని కొట్టాలనిపించింది. కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది. రెండూ చెయ్యకుండా గోడ దగ్గరికి ఉరికింది.

"అక్కా, తాళం తియ్యి! దవాఖానకు తీస్కపోవాలె!"

"పట్టపగలా? సంపుతరే!"

"సస్తే సస్తం, తియ్యి!"

గుర్రాన్ని ఎవరో ఎప్పుడో తోలుకుపోయారు. అది ఉండాల్సిన చోట ఇద్దరాడవాళ్లూ నిలబడి జట్కా లాగారు. ఉస్మాన్ మీద యాదవ్వ తన దుప్పటి కప్పింది. ఎదురొచ్చినవాళ్లను చూసి, "మా మరిదికి గత్తరొచ్చింది, అంటుకుంటది, దగ్గరికి రాకుండ్రి!" అని గొంతు చించుకుంది. కర్రలు పట్టుకున్నవాళ్లు కూడా పక్కకు తప్పుకున్నారు.

డాక్టరు కాలు నొక్కి చూశాడు, గుండె విన్నాడు.

"పొద్దూకేదాంక ఉంటడో లేదో. సగం తగ్గిన వాపు గిట్ల ఊకెనే రాదు. ఉప్పు ఎవరు పెట్టిండ్రు?"

యాదవ్వ ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయింది. తాజ్ బీ ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

"నేనే, డాక్టర్ సాబ్. నేనే పెట్టిన."

పట్టుకున్న చేయి వదల్లేదు. సాయంత్రానికి మొగుడుండడు. ఈ చేయి కూడా పోతే ఆ ఊళ్లో ఆమెకు ఇంకెవరూ లేరు.