సున్నపు కుండలో సిల్వర్ పొడి

లోహపు పొడిని ఇళ్లలో అశ్రద్ధగా ఉంచే అలవాటు నేటికీ పోలేదు. కనుక జనగామలో నా కళ్లెదుట జరిగిన ఈ ప్రమాదాన్ని వ్రాసి ఉంచడం అవసరమని భావించాను.

అవి సాయుధ పోరాటపు రోజులు. బడిపంతులుగా కొత్తగా చేరిన నేను, రేకు పెట్టెలు చేసే సాయబు ఇంటి ముందుగదిలో అద్దెకుండేవాణ్ణి. పెట్టెలకు వేసే రంగులో ఆయన అల్యూమినియం పొడి కలిపేవారు. ఊరివారికి అది సిల్వర్ పొడి. గాలికి లేచిన ఆ పొడి పీల్చి ఆయన దగ్గుతూనే ఉండేవారు; ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మంటే వినేవారు కారు.

ఒకనాడు వీధి చివర పోలీసులు సోదాలు మొదలుపెట్టారు. ఆ పొడిని తుపాకి మందని పొరబడి భర్తను పట్టుకుపోతారని, నేను ఆపా (అక్కా) అని పిలిచే ఇంటావిడ హడలిపోయింది. తడిసిన తుపాకి మందు పేలదని అప్పట్లో అందరికీ తెలుసు. ఆమె పొడిని సున్నపు కుండలో పోసి, నీళ్లు చిలకరించి, పైన సున్నం కప్పి, మూత చుట్టూ మట్టి మెత్తి పొయ్యి పక్కన పెట్టింది.

కాసేపటికి మూత ఎగిరిపడింది. లోపల పుట్టిన వాయువు పొయ్యి సెగకు అంటుకొని కుండ మూతిపై మంట లేచింది. పైన తాటాకు కప్పు. పక్కింటాయన నీళ్ల బిందెతో ఉరికి వచ్చాడు. నేను గుమ్మానికి అడ్డం నిలిచాను.

"ఇల్లు కాలుతుంటె నీళ్లొద్దంటవేంది పంతులూ? సదివి సదివి మతి పోయిందా?"

"నీళ్లు తగిలినందుకే అది రాజుకున్నదన్నా. ఇంకా పోస్తే కప్పు అంటుకుంటది. వాకిట్ల పొడి ఇసుక ఉన్నది, గంపలకెత్తు!"

గంప వెనుక గంప కుమ్మరించాం. మంట అణగింది. తాటాకు అంచు నల్లబడింది, అంతే.

"గీ పాడు కుండను మోరీల పారబోస్త," అన్నదావిడ, ఇంటి పక్క మురుగుకాలువ వైపు చూపిస్తూ.

"వద్దు ఆపా. ఆ మోరీ బర్రెలు తాగే కుంటలకే పోతది."

ఇంతలో పోలీసులు వచ్చి, పొడి డబ్బా చూసి అదేమిటని గద్దించారు. అప్పుడే బయటి నుంచి వచ్చిన సాయబు డబ్బా అడుగున మిగిలిన పొడిని నూనెలో కలిపి, వారి ముందే ఒక పెట్టె మూతకు పూశారు.

"మందైతె గిట్ల మెరుస్తదా, సాబ్?"

వారు వెళ్లిపోయారు. కుండ చల్లారాక ఊరి బయట, బావులకు దూరంగా పూడ్చాం. ఆనాటి నుంచి పొడి డబ్బా పొయ్యికీ సున్నానికీ దూరంగా, వచ్చేపోయేవారికి కనబడేటట్లు, కుంచెతో సహా ముందుగది అరపైనే ఉండేది. సాయబు ముక్కుకు గుడ్డ కూడా కట్టారు.

తడి, సున్నం తగిలితే ఈ పొడి వేడెక్కుతుందని కళాశాలలో నేర్చినంత మేరకే చెప్పాను. రసాయన శాస్త్రం చదివినవారికి గాని, ఆనాటి జనగామను ఎరిగినవారికి గాని ఇందులో దోషం కనబడితే, మొగమాటపడక దిద్దవలసిందిగా కోరుతున్నాను.