ముప్పై ఆరు దాటిన రీలు

ఆరంతస్తుల ఆ పాత ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే మనిషిని అందరూ బాబాయ్ అనే పిలిచేవారు. నిన్నగాక మొన్న చేరిన గుమాస్తా మొదలు అయిదో అంతస్తులో ఉండే డెబ్బై ఏళ్ళ వకీలు గారి దాకా ఎవరికైనా ఆయన బాబాయే. ముప్పై ఒక్క ఏళ్ళుగా జాలీ తలుపు బర్రున లాగడం, ఇత్తడి పిడి తిప్పడం, మనుషుల్ని పైకీ కిందికీ చేరవేయడం, ఇదే ఆయన పని. ఏ అంతస్తులో ఆపినా లిఫ్టు నేలా బయటి గచ్చూ ఒక్క గీతలో కలవాలి. వెంట్రుకవాసి ఎచ్చుతగ్గులున్నా ఆయనకి ఆ పూట అన్నం సయించేది కాదు.

అలాంటి నిదానస్తుడికి ఏభై ఏడో ఏట ఒక చిక్కు వచ్చిపడింది. అద్దె ఇల్లు మారాలి. కొత్త ఇంట్లో ఒక గది తక్కువ. భార్య ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని వీధిలో సగం మందికి బట్టలు కుట్టేది. కొలతలో ఎంత ఖచ్చితమో మాటలోనూ అంతే. ఏడాదిగా చెయ్యి తగలని వస్తువేదైనా సరే, కొత్తింటి గడప తొక్కడానికి వీల్లేదని తేల్చి చెప్పింది. చిల్లుపడ్డ బకెట్టుకీ మూడు కాళ్ళ కుర్చీకీ ఆయన అడ్డు చెప్పలేదు. బీరువా మీద గుడ్డసంచిలో ఉన్న కెమెరా కిందికి దిగేసరికి మాత్రం నోరు తెరిచాడు.

"అదొక్కటీ ఉండనీవే."

"పదకొండేళ్ళుగా ఉండనిచ్చానుగా. ఏం చేశారు దాంతో?"

అది రీలు వేసి తీసే పాతకాలం కెమెరా. ఆయన బావది, అంటే అక్క భర్తది. ఒకప్పుడు ఆ బావ పేరున్న ఫోటోగ్రాఫరు. లిఫ్టు ఉద్యోగం రాకముందు మన బాబాయ్ రెండేళ్ళపాటు ఆయన వెంట లైటు మోసుకుంటూ తిరిగాడు. రెండేళ్ళలో మీట నొక్కే భాగ్యం ఒక్కసారే దక్కింది. ఒక కుటుంబంలో పదకొండు మందిని నిలబెట్టి తీస్తే, ఇరవై రెండు పాదాలు దివ్యంగా పడ్డాయి, తల ఒక్కటీ పడలేదు. ఆ తర్వాత బావ లైటు తప్ప మరొకటి చేతికివ్వలేదు. ఏళ్ళు గడిచి కొత్తరకం కెమెరాలు వచ్చాక, "నీకు మోజు కదరా, ఉంచుకో" అని ఈ పాతది ఇచ్చేశాడు. మంచి సందర్భం వస్తే తీద్దామని బాబాయ్ దాచుకున్నాడు. పదకొండేళ్ళలో సందర్భాలు రాలేదా అంటే వచ్చాయి. దానికి తగినంత మంచిదని ఆయనకి ఒక్కటీ అనిపించలేదు, అంతే.

ఆదివారంలోగా తేల్చమని భార్య గడువు పెట్టింది. బ్యాంకులో పనిచేసే కూతురు ఫోనులో విని, ఇప్పుడు పాత కెమెరాల్ని గుల్లచేసి బల్లమీద దీపంలా అమర్చుకుంటున్నారని చెప్పింది. కెమెరా కడుపు చీల్చి బల్బు పెట్టడమా అని ఆయనకి ఒళ్ళు జలదరించింది. బావకే తిరిగిచ్చేద్దామని అడిగితే, వదిలించుకున్న పీడని మళ్ళీ తన నెత్తికే చుడతావా అని బావ పకపకా నవ్వాడు. పాత సామాన్ల కొట్టువాడు అద్దాల బీరువాలో బొమ్మగా పనికొస్తుందన్నాడు. బొమ్మ అన్న మాట విని బాబాయ్ కెమెరాని చంకలో పెట్టుకుని తిరిగొచ్చేశాడు.

మర్నాడు దాన్ని మెడలో వేసుకునే లిఫ్టెక్కాడు. ఎక్కిన ప్రతివాళ్ళూ ఇదేమిటన్నారు. ఆయన చెప్పాడు. ఇక సలహాలకి కొదవేముంది? కాకపోతే ఆ లిఫ్టులో ఏ సలహా అయినా అంతస్తు వచ్చేలోపు పూర్తి కావాలి. మూడో అంతస్తు పళ్ళ డాక్టరు, "అమ్మొద్దు బాబాయ్, ఒకవేళ అమ్మినా..." అంటుండగా మూడో అంతస్తు వచ్చేసింది. ఒకవేళ అమ్మినా ఏమిటో తెలియక బాబాయ్ మధ్యాహ్నం దాకా కొట్టుమిట్టాడాడు. వకీలు గారు వీలునామా రాసెయ్యమన్నారు. ఇంతమంది ఇన్ని చెప్పేసరికి ఆయన పని కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపంలా తయారైంది.

నాలుగో అంతస్తులో టైపు నేర్పే మేడం ఉండేవారు. బాబాయ్ కన్నా రెండేళ్ళు పెద్దావిడ, అయినా బాబాయ్ అనే పిలుస్తారు. ఆవిడ సలహా చెప్పలేదు, ఒకటే అడిగారు.

"అసలది పనిచేస్తుందా?"

బాబాయ్ పిడి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తెలియదన్నాడు.

"పనిచేస్తుందో లేదో తెలియని దానికోసం ఆరంతస్తుల్లోనూ పంచాయితీ పెట్టారా? ముందు ఓ రీలు వేసి తియ్యండి. మా ఫోటోలే తియ్యండి. ఏం చెయ్యాలో తర్వాత చూద్దాం."

లిఫ్టు నాలుగో అంతస్తు దాటి జానెడు పైకెళ్ళి ఆగింది. ముప్పై ఒక్క ఏళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి. ఆయన గమనించను కూడా లేదు. మేడం చీర కుచ్చిళ్ళు పట్టుకుని కిందికి గెంతి దిగారు.

వీధి మలుపులో ఫోటో షాపతను ఇంకా రెండు నలుపు తెలుపు రీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి కాపాడుకుంటున్నాడు. ఎవరూ అడగరని తెలిసీ పారేయలేక ఉంచానన్నాడు. అందులో ఒకటి ఇచ్చి, తనే ఎక్కించి పెడతానన్నాడు. బాబాయ్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. బావ వేలసార్లు ఎక్కించగా పక్కనుండి చూసినవాణ్ణి, నాకు నేర్పుతావా అన్నాడు. తనే మూత తెరిచి, రీలు పెట్టి, దాని నాలుక, అంటే బయటికి వేలాడే కొస, లాగి అవతలి ఇరుసులో దోపి, టక్కున మూత వేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ మేడమీద ఫోటోలని లిఫ్టులోనే చాటింపు వేశాడు. ఆ రోజు భవనానికి ఎక్కడలేని కళ వచ్చింది. వకీలు గారు గాలి ఆడని ఎండలో నల్లకోటు తొడుక్కుని వచ్చారు. డాక్టరు తన పేషెంటుని నోట్లో దూదితోనే వెంటబెట్టుకొచ్చాడు. కాపలా మనిషి మీసానికి నూనె రాశాడు. గుమాస్తాలు ఒకరి దువ్వెన ఒకరు లాక్కున్నారు. బాబాయ్ ఒక కన్ను మూసి, ఇంకో కన్ను ఆనించి, మీట నొక్కాడు. కటక్ మంది. ఆ చప్పుడు చెవిన పడగానే ఆయనకి పాతికేళ్ళు తగ్గాయి.

ఇక చూడాలి ఆయన వాలకం. నోరు మెదపని మనిషి కాస్తా, గడ్డం ఎత్తండి, భుజం దించండి అంటూ వకీలు గారినే దబాయించాడు. నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కి తీశాడు, గచ్చుమీద బోర్లా పడుకుని తీశాడు. ఒక్కొక్కరికీ ఒకటి అన్నది రెండైంది. లెక్క చూపే చిన్న గుండ్రని కిటికీలో అంకె ముప్పై ఆరుకి వచ్చింది. అయ్యో అయిపోయిందనుకుంటూ మీట పక్కనున్న లివరు లాగితే, మళ్ళీ వచ్చింది.

"ఇంకా పడుతోంది."

ముప్పై ఏడు తీశాడు. ముప్పై ఎనిమిది తీశాడు. అంకె కదలడం మానేసింది గానీ లివరు మాత్రం ఎంత లాగితే అంత తిరుగుతోంది. పాతకాలం సరుకంటే అదీ, కొసరేసి మరీ ఇచ్చేవాళ్ళు అని వకీలు గారు తీర్పిచ్చారు. అక్షయపాత్ర అన్నారు ఎవరో. దాంతో జనానికి పట్టపగ్గాలు లేకపోయాయి. ఫోటో దిగినవాళ్ళే మళ్ళీ దిగారు. డాక్టరూ కాపలా మనిషీ ఒకరి భుజంమీద ఒకరు చెయ్యి వేసుకుని దిగారు. లిఫ్టుకోసం కింద గంట మోగీ మోగీ అలసిపోయింది. యాభై రెండో ఫోటో తీసి బాబాయ్ గోడకి జారబడ్డాడు. సంతోషంతో కళ్ళు తిరుగుతున్నాయి.

సాయంత్రం పని దిగి ఫోటో షాపుకి ఇంచుమించు పరిగెత్తాడు. షాపతను రీలు వెనక్కి చుట్టబోయి ఆగాడు. పిడి బరువు లేకుండా గిరగిరా తిరుగుతోంది. ఎన్ని తీశారని అడిగాడు. యాభై రెండని బాబాయ్ ఛాతీ విరిచి చెప్పాడు. అతను లోపలి చీకటి గదిలోకి వెళ్ళి మూత తెరిచి, చేత్తో తడిమి చూసి వచ్చాడు.

"బాబాయ్, రీలు ఇరుసుకి పట్టుకోలేదు. నాలుక ఊడిపోయి ఉంది. ఒక్క అంగుళం కూడా కదల్లేదు."

"మరి యాభై రెండు తీశాను కదా?"

"తీశారు. యాభై రెండూ ఆ నాలుక మీదే పడ్డాయి, ఒకదానిమీద ఒకటి."

బాబాయ్ బల్లమీద కూలబడ్డాడు. నల్లకోటు వకీలు మీద డాక్టరు, డాక్టరు మీద నూనె మీసం, ఆ మీసం మీద దూది నోరు, బొటనవేలంత ముక్కలో యాభై రెండు ఫోటోలూ పోగుపడి ఉన్నట్టు కళ్ళకి కట్టింది. ముందు ఏడుపు రాబోయింది. వస్తూ వస్తూ అదెక్కడో దారి తప్పి నవ్వైపోయింది. ఆ నవ్వు ఆగలేదు. షాపతనికీ అంటుకుంది. ఇద్దరూ బల్ల పట్టుకుని నవ్వుతుంటే, పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినాయన వీళ్ళని చూసి రేపొస్తానని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి భార్యకి చెబుతూ మళ్ళీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మిషను ఆపి, కెమెరా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అడుగున బాబిను దారం పైకి రాకుండా ఎంత కుట్టినా బట్టకి చిల్లులే గానీ కుట్టు పడదు. ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా మిషను పక్కనే పడుకుంటున్న మీకు తెలియదా?"

తర్వాత లివరు లాగితే ఎడంపక్క పిడి కూడా తిరగాలేమో అడిగి రమ్మంది. తిరగాలని, మర్నాడు పనికి వెళ్ళే దారిలో అడిగితే షాపతను ఒప్పుకున్నాడు. అది తిరిగితేనే లోపల రీలు నడుస్తున్నట్టు లెక్కట. ఇంకో మాట కూడా చెప్పాడు: నాలుక ముక్క తప్ప రీలు చెక్కుచెదరలేదు, ముప్పై ఆరూ అలాగే ఉన్నాయి.

శనివారం పొద్దున్నే లిఫ్టులో నిజం ఒప్పుకోవడం బాబాయ్‌కి పెద్ద గండంగా తోచింది. ఒక్కొక్కరికీ చెప్పే ధైర్యం లేక, పదిమంది కిక్కిరిసి ఎక్కేదాకా ఆగి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆపేసి చెప్పాడు. పారిపోవడానికి ఎవరికీ దారి లేదు, ఆయనకీ లేదు. అప్పుడు వకీలు గారు, ఆ ఎండలో కోటు వేసుకున్నందుకు ఒంటిమీద లేచిన పొక్కులే ఇక సాక్ష్యమన్నారు. పదిమందీ ఒక్కసారి నవ్వేసరికి లిఫ్టు తాడుమీద ఊగింది. పైఅంతస్తువాళ్ళు భూకంపమేమోనని తొంగిచూశారు.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ ఏర్పాటైంది. ఈసారి రీలు ఎక్కించడానికి భార్య వస్తానంది. అప్పుడు బాబాయ్‌కి ఒక సంగతి తట్టింది: ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఆ భవనంలో అడుగు పెట్టలేదు. పనిచేసే చోటికి పెళ్ళాన్ని పిలవాలని ఈయనకి తోచలేదు. కుట్టు వదిలి వెళ్ళాలని ఆవిడకీ తోచలేదు.

ఆవిడ భుజానికి సంచీతో గుమ్మం మెట్లెక్కి వస్తుంటే చూసి, ఆయన తడబడి జాలీ తలుపు తెరిచాడు. ఎక్కింది. లోపల ఇద్దరే. అలవాటు చొప్పున, "ఎన్నో అంతస్తండీ?" అన్నాడు.

"ఎంతవరకు ఉంటే అంతవరకు" అందావిడ.

గోడలు కిందికి జారుతుంటే ఆవిడ జాలీ పట్టుకుని నిలబడింది. భయమేస్తోందా అని అడిగాడు. లేదని తల ఊపి, ఆరో అంతస్తులో లిఫ్టు ఆగాక వంగి గడపవైపు చూసింది. లిఫ్టు నేలా గచ్చూ ఒక్క గీతలో ఉన్నాయి. అరచేత్తో ఓసారి తడిమి, "కుట్టినట్టుంది" అంది. బాబాయ్ ముఖం చాటంతైంది.

మేడమీద రీలు ఆవిడే ఎక్కించింది. నాలుకని ఇరుసులో దోపి, పళ్ళు చిల్లుల్లో పడ్డాయో లేదో గోటితో మీటి చూసి, మూత వేసి, లివరు లాగి, ఎడంపక్క పిడి తిరగడం అందరికీ చూపించింది. జనం చప్పట్లు కొట్టారు. బాబాయ్ ఫోటోలు తీయడం మొదలెట్టాడు. పది తీశాక చెయ్యి నొప్పెడుతోందని ఒక్క క్షణం ఆవిడకిచ్చాడు. అంతే, ఇక తిరిగి రాలేదు. ఆవిడ మనుషుల్ని వరసలో నిలబెట్టలేదు, గడ్డం ఎత్తమనలేదు. ఎవరో జోకు వేస్తే ఒకరిమీద ఒకరు పడి నవ్వుతుండగా నొక్కింది. బాబాయ్ ట్యాంకు కింద నీడలో బూట్లు విప్పుకుని, నీళ్ళు తాగుతూ, తనని ఎవరూ చూడటం లేదనుకుంటున్నప్పుడు నొక్కింది.

ఆ సాయంత్రమే కడిగి వచ్చిన ముప్పై ఆరులో బాబాయ్ తీసిన పదిలో నాలుగింటికి తలలు సగమే పడ్డాయి. ఆవిడ తీసిన ఇరవై ఆరూ బాగున్నాయి. టైపు మేడం కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసి, ఇక చర్చ అనవసరమన్నారు.

ఆదివారం సామాను బండికెక్కుతుంటే, కెమెరా ఏ పెట్టెలో పెట్టాలని బాబాయ్ భయపడుతూ అడిగాడు. పెట్టెలో ఎందుకు పెడతారంది ఆవిడ. అప్పటికే అది ఆవిడ మెడలో ఉంది. షాపతని దగ్గర మిగిలిన రెండో రీలు పొద్దున్నే తెచ్చుకుని ఎక్కించుకుందట. కుర్చీ నెత్తిన పెట్టుకుని మెట్లు దిగుతున్న ఆయన్ని అక్కడే ఆగమంది. ఆయన గడ్డం ఎత్తబోయాడు.

"మామూలుగా ఉండండి" అంది ఆవిడ.