రైవాడలో ఎగరలేని బాతులు

చలిదేశాల్లో, ఆ ఏడు జతకట్టని అడవి హంసలన్నీ ఒకే సరస్సుకు చేరతాయట. రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒక్కసారే రాల్చుకుని, కొత్తవి వచ్చేదాకా ఎగరలేక అక్కడే ఉంటాయట. కాలేజీ లైబ్రరీలో ఈ సంగతి చదివి, మన బాతులూ అంతేనని క్లాసులో అన్నాను. నేను నోరు విప్పడమే అరుదు. అందరూ నవ్వారు. "ఇక్కడ ఎవరైనా చూశారా? నువ్వు చూస్తే సోమవారం వచ్చి చెప్పు," అన్నారు జువాలజీ మేడమ్. అందుకే ఈ ప్రయాణం.

ఆదివారం ఉదయం ఆరున్నరకు మా మేనత్తతో కలిసి చోడవరంలో దేవరాపల్లి బస్సు ఎక్కాను. టికెట్టు ఐదు రూపాయలు, గంట పైనే పట్టింది. దేవరాపల్లిలో ఇడ్లీ తిని, జీపులో రైవాడ రిజర్వాయరు చేరేసరికి తొమ్మిదైంది. గట్టు మీంచి చూస్తుండగానే నలభై దాకా బాతులు లేచి కొండవైపు ఎగిరిపోయాయి.

"ఎగరవన్నావు కదే," అంది అత్త. "మన బస్సు కంటే జోరుగా ఎల్తన్నాయి."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉత్త చేతులతో క్లాసుకు వెళ్లలేను. వల ఆరబెడుతున్న ఒక పెద్దాయన దగ్గరికి నేనే వెళ్లి అడిగాను. ఆయన పేరు సూరన్న.

"ఎగిరినోటిని సూస్తే ఏటి తెలుస్తాది పాపా? ఎగరలేనివి అవతలొడ్డున జమ్ములో దాక్కుంటాయి."

ఇరవై రూపాయలకు తన నాటు పడవలో తీసుకెళ్లారు. జమ్ము గడ్డికి కాస్త దూరంలో తెడ్డు ఆపారు. కాసేపటికి లోపల్నుంచి ఒక బాతు వచ్చింది, దాని వెనక పదిహేను. నల్ల ముక్కు, కొసన పసుపు. మమ్మల్ని చూసి రెక్కలు కొట్టుకున్నాయి. ఆ రెక్కలు పొట్టిగా, మొండిగా ఉన్నాయి. నీళ్లు చిమ్ముతూ పరుగెత్తాయే గాని ఒక్కటీ గాల్లోకి లేవలేదు. వాటి వెంట పిల్లలు కూడా లేవు.

"పిల్లలున్నవి ఏరేగా ఉంటాయి," అన్నారు సూరన్న.

"ఒకటి పట్టి ఇయ్యన్నా," అంది అత్త. "ఈ గుంట మాట ఎవులూ నమ్మరు."

"ఇప్పుడు పట్టమమ్మా. ఎగరలేందాన్ని పట్టుకుంటే ఏటి గొప్ప?" అని, నీటి మీద తేలుతున్న పొడవాటి ఈకలు ఏరి నా చేతికిచ్చారు.

సోమవారం వాటిని బల్ల మీద పరిచి, చూసింది చూసినట్టు పది నిమిషాలు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మేడమ్ ఒక ఈక తీసి వెలుతురులో తిప్పి చూసి, "నన్నూ తీసుకెళ్తావా?" అన్నారు.

పుస్తకం చెప్పింది నిజమే. కానీ జమ్ము ఎక్కడుందో పుస్తకంలో లేదు, సూరన్నకు తెలుసు. అడగడానికి జంకి గట్టు మీంచే తిరిగొచ్చి ఉంటే, నాదే తప్పని నమ్మి ఊరుకునేదాన్ని.

వెళ్లేవారు వానలు తగ్గాక, పొద్దున్నే వెళ్లండి. పడవను మాత్రం జమ్ముకు దూరంగానే ఆపించండి. తరిమితే ఎగిరి తప్పించుకునే వీలు ఆ రోజుల్లో వాటికి లేదు.